తాత నాలుక మీద పిన్ని కన్నీరు

ద్వారకా నగర్‌లో బస్ కాంప్లెక్స్ ఎదురుగా ఉన్న టీకొట్టు దగ్గర నిలబడి గాజువాక బస్సు కోసం చూస్తున్నాను. కొట్టు గోడకి టీవీ ఉంది. పరవాడ వైపు ఏదో మందుల కంపెనీలో ప్రమాదం జరిగిందట. పోయినవాళ్లలో ఒకతని భార్యని మైకుల మధ్య కూచోబెట్టారు. పాతికేళ్లు కూడా ఉండవు. ఎటో చూస్తోంది. అడిగినదానికి జవాబు చెప్పడం లేదు. మైకు పట్టుకున్న కుర్రాడు "కాస్త ఏడవండమ్మా" అని అడగడం ఒక్కటే తక్కువ.

నా పక్కన ఇద్దరు టీ తాగుతున్నారు.

"సూసేవా బావా, కన్ను తడవనేదు," అన్నాడు ఒకడు.

"మొగుడు పోయిన ఆడది అలాగుంటాదేటి? లోపలేటో ఉంది," అన్నాడు రెండోవాడు.

నేను గ్లాసు బల్ల మీద పెట్టాను. గట్టిగా పెట్టానేమో, టీ ఒలికింది. "ఏముందయ్యా లోపల? తెల్లవార్లూ ఏడ్చిన మనిషికి కళ్లు ఎండిపోవా? ఎంత కారితే నీకు సరిపోతుంది? గ్లాసుడా, చెంబుడా?"

"ఊరికే అన్నాం మాస్టారూ. మీకు సుట్టాలేటి?"

"అవును," అన్నాను.

ఆ పిల్ల నాకు ఏమీ కాదు. కానీ అలాంటి మనిషే నాకు ఒకప్పుడు పిన్ని.

బస్సెక్కాక కూడా కోపం దిగలేదు. పోర్టు పక్కనుంచి వెళ్తుంటే గోడ అవతల బొగ్గు గుట్టలు, వాటి మీద నీళ్లు చిమ్మే గొట్టాలు. ఆ గుట్టల కింద ఎక్కడో మా ఉప్పుమడులున్నాయి.

సముద్రపు పాయ మా ఇంటి వెనక దాకా వచ్చేది. పోటు వేళకి గండి తీసి నీటిని మొదటి మడిలోకి వదిలేవారు. ఎండకి అక్కడ కాస్త చిక్కబడ్డాక రెండో మడికి, అక్కణ్నించి మూడో మడికి. చివరి మడిలో నీరు నూనెలా బరువెక్కి, గాలి వీచినా అల లేవకుండా పడి ఉండేది. దాని మీద మీగడ కట్టినట్టు ఉప్పు తేలేది. వేసవిలో ఆ మడుల వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. మురిగిన నాచు, ఎండిన బురద, పక్క గట్టు మీద ఎవరో ఆరబెట్టిన మెత్తళ్ల చేపలు, అన్నీ కలిసిన వాసన. బయటివాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు అన్నం గుర్తొచ్చేది.

మా తాత ఆ మడులకి మేస్త్రీ. నీరు ఎప్పుడు చివరి మడికి మళ్లించాలో చెప్పేది ఆయన నాలుకే. పొద్దున్నే గట్ల మీద నడుస్తూ ఒక్కో మడి దగ్గరా వంగి, వేలు ముంచి, నాలుకకి రాసుకుని, ఉమ్మేసేవాడు. "ఇంకా పచ్చిగుంది" అనేవాడు. లేదా "మల్లించీయండి" అనేవాడు. తొందరపడి మళ్లిస్తే ఉప్పులో మట్టి దిగుతుంది, ఆలస్యం చేస్తే చేదు కలుస్తుంది. తాత నాలుక తప్పిందని ఎవరూ ఎప్పుడూ అనలేదు. చుట్టుపక్కల మడులవాళ్లు కూడా అనుమానం వస్తే ఆయన్ని పిలుచుకెళ్లేవారు. ఉప్పునీటి విషయంలో ఆ నాలుక గొప్పదే. నేను ఈ రోజుకీ ఒప్పుకుంటాను.

ఇంటికొస్తే అదే నాలుక మా అమ్మ ప్రాణం తీసేది. చోడి అంబలి నోట్లో పెట్టగానే, "ఉప్పెయ్యడం మర్సిపోయేవా కోడలా?" పులుసు కలపగానే, "ఇదేటి, కడుగునీరా?" అమ్మ కొన్నాళ్లు ఏడిచింది, కొన్నాళ్లు తనలో తనే గొణుక్కుంది. చివరికి ఒక చిన్న చట్టి వేరే పెట్టింది. కూర దించాక తాత వాటా అందులోకి తీసి, ఇంకో గుప్పెడు ఉప్పు కలిపేది. పొరపాటున ఆ చట్టిలోది ఒకసారి నేను తిన్నాను. నోరు పొక్కినంత పని అయింది.

ఇక మా వాళ్ల ఆచారం ఒకటుంది. ఆచారం అంటే మీకు గుడీ గోపురం గుర్తు రావచ్చు, అదేం కాదు. ఉప్పు పండించేవాళ్లకి ఉప్పే దేవుడు, ఉప్పే పోలీసు. "నిజం ఏడుపు ఉప్పన, దొంగేడుపు సప్పన" అని మా వాళ్ల నమ్మకం. ఇంట్లో ఏదైనా పోయినా, తగువొచ్చినా, ఏడుస్తున్న మనిషి చెంప మీద వేలు పెట్టి కన్నీరు తీసి తాత రుచి చూసేవాడు. "ఉప్పన" అంటే నిర్దోషి. "సప్పన" అంటే వీపు చిట్లినట్టే.

పిల్లలం మేం ఊరుకుంటామా? చక్కెర డబ్బా మీద చెయ్యి వేసే ముందే లాగు జేబులో రెండు ఉప్పురాళ్లు వేసుకునేవాళ్లం. పట్టుబడితే గోడ చాటుకి పోయి, ఉమ్మి తడి చేసి రెండు బుగ్గలకీ రుద్దుకుని, అప్పుడు ఏడుపు మొదలెట్టేవాళ్లం. తాత రుచి చూసి, "ఉప్పన! ఈ గుంటడు దొంగ కాడర్రా," అని తీర్పు చెప్పేవాడు. ఒకసారి మా పెదనాన్న కొడుకు మరీ ఎక్కువ రుద్దుకున్నాడు. చెమటతో కలిసి కళ్లలోకి దిగింది. మంటకి వాడు పెట్టిన కేకలు విని తాత జాలిపడ్డాడు. చక్కెర తీసిందీ వాడే, ఇంకో గుప్పెడు చక్కెర పెట్టించుకుందీ వాడే. మేం నవ్వుకున్నాం. ఆ నవ్వులాట పరీక్షే ఒక మనిషి బతుకు మీద పడుతుందని మాకేం తెలుసు?

ఆ వేసవిలోనే చిన్నాన్నకి కామెర్లొచ్చాయి. కళ్లు పసుపుముద్దల్లా అయ్యాయి. తాత ఆయన్ని పసరు పోసేవాడి దగ్గరికి తీసుకెళ్లాడు. పథ్యం పెట్టాడు, ఉప్పు మాన్పించాడు. వారం తిరిగేసరికి చిన్నాన్న మంచం దిగలేకపోయాడు. పిన్ని అప్పటికి చంటిపిల్లాడి తల్లి. వాడింకా పాలు మానలేదు. కోడలు మావ ఎదుట నోరెత్తని ఇంట్లో ఆమె నోరెత్తింది.

"పెద్దాస్పత్రికి తీస్కెల్దాం మావా. బస్సెక్కితే గంట నేదు."

"సూదేత్తే కామెర్లోడు సచ్చిపోతాడే. నీకేటి తెల్సు?"

"పసరేసి ఏటి బాగయ్యేడు? మాటాడ్డం కూడా మానీసినాడు మావా!"

"ఆడదానివి, లోపలికెల్లు."

చిన్నాన్న పోయాడు. ఆస్పత్రి గంట దూరంలో ఉండగా పోయాడు. పిన్ని ఆ రోజు శవం మీద పడి ఏడవలేదు. ఏడుపంతా మంచం పక్కనే, ఆయన బతికి ఉండగానే అయిపోయింది. కట్టె కాలి వచ్చాక అందరి ముందూ నిలబడి ఒక్క మాట అంది: "రోగం సంపనేదు. మీరు సంపేరు."

తప్పు అక్కడే జరిగింది, ఆమె దృష్టిలో కాదు, మా వాళ్ల దృష్టిలో. చిన్నాన్న ఎందుకు చచ్చిపోయాడన్న ప్రశ్న అంతటితో ఆగిపోయింది. ఈమె ఎందుకు ఏడవలేదన్న ప్రశ్న మొదలైంది. నా జీవితంలో ఈ మాయ ఎన్నిసార్లు చూశానో చెప్పలేను. చంపినవాడి చెయ్యి ఎవరూ చూడరు. చావింట్లో ఉన్న ఆడదాని కన్ను చూస్తారు.

కర్మ అయిన మర్నాడు, ఇంట్లో మళ్లీ నీచు వండే రోజున, వాకిట్లో చాపలు పరిచారు. మా వాళ్లకి పెద్దగా ఉండే ముసలాయన వచ్చాడు. పెద్దయ్య అనేవాళ్లం. ఆయన వెనక నలుగురైదుగురు. పిన్నికి మొగుడి మీద మనసుందా లేదా తేల్చాలట. లేదని తేలితే ఆమె పుట్టింటికి పోవాలి. బిడ్డ మగబిడ్డ కాబట్టి ఇక్కడే ఉంటాడు.

పిన్ని వంటింట్లో పిల్లాడికి పాలిస్తోంది. నేను మెల్లగా వెళ్లి జేబులోంచి ఉప్పురాయి తీసి ఇచ్చాను. "పిన్నీ, బుగ్గకి రాసుకో. తాతకి తెల్దు. మేం రోజూ సేత్తాం."

ఆమె నా చెయ్యి మూసేసింది. "నా మొగుడు పోయినాడ్రా నాయినా. నాకు దొంగుప్పెందుకు?"

వాకిట్లో కూచోబెట్టారు. మొదట ఏడుపు రాలేదు. పెద్దయ్య చెయ్యూపి పిల్లాణ్ని తెప్పించి, మా అమ్మ చేతిలో పెట్టించాడు. "ఇంక నువ్వే తల్లివమ్మా ఈడికి," అన్నాడు. వాడు చేతులు చాచి ఏడుస్తుంటే పిన్ని కళ్లు నిండాయి. అంతమంది చూస్తుండగా నీళ్లు కారాయి. తాత ముందుకు వంగాడు. ఆ రోజు కూడా పొద్దున్నే మడులకి వెళ్లొచ్చాడాయన. వాన మబ్బు పట్టిందని మడి మడికీ రుచి చూసి అప్పుడే వచ్చి కూచున్నాడు. మడిలో ముంచినట్టే పిన్ని చెంప మీద వేలు ముంచాడు. నాలుకకి రాసుకున్నాడు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"సప్పన," అన్నాడు.

కర్మకి వచ్చి ఉన్న ఆమె అన్న పిన్నిని అప్పటికప్పుడు తీసుకెళ్లాడు. గట్ల మీద నడిచి వెళ్తూ ఆమె వెనక్కి చూడలేదు. ఇంట్లో పిల్లాడి గొంతు వినపడుతూనే ఉంది.

నేను గట్టు చివర కూచుని పచ్చిమామిడికాయ ఉప్పద్దుకుని తింటున్నాను. ఆ వయసులో దుఃఖమొచ్చినా చేతిలోది పారేయం. ఏడుస్తూనే తిన్నాను. కన్నీరు మూతి మీదికి జారి నోట్లోకి పోయింది. దానికి రుచే లేదు. మంచినీళ్లలా ఉంది. అంటే నాదీ దొంగేడుపేనా? పిన్ని అంటే నాకు ఇష్టం లేదా? మామిడికాయ పారేసి ఇంటికి పరిగెత్తాను. నాలుగు గుక్కలు నీళ్లు తాగి, మూల కూచుని మళ్లీ ఏడిచాను. ఈసారి కన్నీరు ఉప్పగా ఉంది. అనుమానమొచ్చింది. ఉప్పురాయి నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ రుచి చూశాను. మళ్లీ నీళ్లే.

ఏడుపు అదే. మారింది నాలుక.

ఇందులో ఉన్న శాస్త్రం తర్వాత చదువుకున్నాను. కన్నీరు ఆకాశం నుంచి ఊడిపడదు. కంటిపై మూలలో ఒక గ్రంథి ఉంటుంది, అది మన రక్తంలోని నీటిలోంచే దాన్ని ఊరిస్తుంది. రక్తంలో ఉప్పుంది కాబట్టి కన్నీటిలో ఉప్పుంది. నీరు, ఉప్పు, కొంచెం పొటాషియం, క్రిముల్ని చంపే మాంసకృత్తులు, తడి ఆరిపోకుండా పైన రెప్పల్లోంచి వచ్చే పల్చటి నూనె పొర, లోపల జిగురు. అంతే. ఉల్లిపాయ తరిగినా, పొగ తగిలినా, మొగుడు పోయినా అదే గ్రంథి, అదే ఉప్పు. దుఃఖంలో వచ్చే నీటిలో ఇంకేవో కాస్త ఎక్కువుంటాయని కొందరంటారు, కాదని కొందరంటారు. కానీ నిజాయితీ అనే పదార్థం ఏ కన్నీటిలోనూ ఏ ప్రయోగశాలకీ దొరకలేదు. దొరకదు. సముద్రపు నీటిలో ఉండే ఉప్పులో కన్నీటిలో ఉండేది పావు వంతు. చివరి మడిలో నీరు సముద్రం కంటే ఎన్నో రెట్లు ఉప్పన. ఆ నీటిని పొద్దుటి నుంచీ నాకి వచ్చిన నాలుకకి కన్నీరు చప్పగా ఉండక ఏమవుతుంది? ఆ రోజు రాముడొచ్చి ఏడ్చినా, ఏసు ఏడ్చినా, తాత "సప్పన" అనే అనేవాడు. మా బుగ్గల మీద దొంగుప్పు మాత్రమే ఆయనకి ఉప్పన. అంటే ఆ పరీక్షలో గట్టెక్కేది దొంగలే!

ఆ సాయంత్రమే నేను వెళ్లి నా నాలుక సంగతి అమ్మకి చెప్పాను. అమ్మ పొయ్యి దగ్గర ఉంది. నవ్వుతుందనుకున్నాను. గరిటె ఆపింది. తాత చిన్న చట్టి వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఓలమ్మా," అంది. "ఇన్నాల్లు నానే కదరా ఆ సట్టిలో ఉప్పు కలిపేను. తెల్సుండీ తెల్సుకోనేదు."

మర్నాడు పెద్దయ్యని తాతే భోజనానికి పిలిచాడు. అమ్మ చేపల పులుసు వండింది. చిన్న చట్టి దించలేదు. ఒకే కుండలోంచి ఇద్దరికీ వడ్డించింది. తాత ముద్ద నోట్లో పెట్టాడు.

"ఇదేటే కోడలా, ఉప్పేదీ?"

పెద్దయ్య తిని చూశాడు. "ఉప్పుంది కదా బావా. బాగానే పడిందే."

"నేదు బావా. సప్పగుంది."

అప్పుడు అమ్మ తలుపు చాటు నుంచి బయటికొచ్చింది. ఆమె పెద్దవాళ్ల ముందు నిలబడి మాట్లాడటం నేను చూడటం అదే మొదటిసారి. మాట తడబడలేదు.

"కుండొకటే పెద్దయ్యా. నీకు ఉప్పు తగిలింది, మావకి తగల్నేదు. ఉప్పునీరు నాకీ నాకీ మావ నాలిక మొద్దుబారిపోయింది. ఇన్నేల్లుగా మావకి నాను యేరే ఉప్పేత్తన్నాను. మా తోడికోడలి కన్నీరు ఉప్పగానే ఉంది. ఈ నాలికకి తెల్దు, అంతే. నా మాట నమ్మొద్దు, కావాలంటే మీరే రుసి సూడండి. బిడ్డ పాలకి గుక్క పెడతన్నాడు. ఆల్లమ్మని పిలిపించండి."

తాత మొహంలో రంగు పోయింది. నాకు ఆనందంతో కాళ్లు నేల మీద నిలవడం లేదు. రుజువు దొరికితే చాలు, మనుషులు మారిపోతారని నమ్మే వయసు నాది. రుజువు అక్కడే పళ్లెంలో పొగలు కక్కుతోంది కదా!

పెద్దయ్య నీళ్లు తాగాడు. గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అన్నాడు: "కూరకీ కన్నీటికీ ఏటమ్మా సమ్మందం? పదిమందిలో సెప్పిన తీర్పు. నాలిక తప్పిందని రేపు ఊరందరికీ తెలిస్తే ఈ మేస్త్రీ మాట ఎవుడింటాడు? మన మాటెవుడింటాడు? లోపలికెల్లు."

ఆయనకి అర్థమైంది. అది నేను కళ్లారా చూశాను. అర్థం కాకపోతే "పిచ్చిదానా" అనేవాడు. అర్థమైంది కాబట్టే పరువు లెక్క చూసుకున్నాడు.

అమ్మ లోపలికి వెళ్లింది. తెల్లారాక తాత మడులకి పోగానే పిల్లాణ్ని చంకనేసుకుంది. నన్ను వెంట రమ్మంది. గట్ల మీద నుంచి రోడ్డెక్కి, బస్సెక్కి, పరవాడ దగ్గర పిన్ని పుట్టింటికి వెళ్లాం. దారంతా వాడు ఏడుస్తూనే ఉన్నాడు. బస్సులో ఒకామె "ఆకలేమో, పాలివ్వమ్మా" అంటే, అమ్మ "ఇవ్వడానికే తీస్కెల్తన్నాను" అంది.

పిన్ని పెరట్లో జీడిపిక్కలు ఆరబెడుతోంది. మమ్మల్ని చూసి లేచింది కానీ ఒక్క అడుగు వెయ్యలేదు. పిల్లాణ్ని చూపించడానికి తెచ్చామా, ఉంచడానికి తెచ్చామా తెలీక అలాగే నిలబడిపోయింది. రవిక ముందు భాగమంతా పాలతో తడిసి ఉంది. అమ్మ వాణ్ని ఆమె చేతుల్లో పెట్టింది.

"నీకాడే ఉంచు. ఇంక ఎవుడొచ్చినా ఇవ్వకు."

"మావ నిన్ను బతకనిత్తాడేటక్కా?"

"అది నా గొడవ."

పిన్ని ఏడవకుండా ఉండాలని పళ్లు బిగబట్టింది. అమ్మ ఆమె తల మీద చెయ్యేసి అంది: "ఏడువే. ఇక్కడెవుడూ రుసి సూడడు."

పిన్ని అప్పుడు ఏడిచింది. చిన్నాన్న పోయిన తర్వాత మొదటిసారి, మనిషి ఏడ్చినట్టు ఏడిచింది.

తాత ఆ తర్వాత చచ్చిపోయేదాకా అమ్మ చేతి కూడు ముట్టలేదు. విడిగా వండుకునేవాడు. పిల్లాణ్ని మాత్రం తెమ్మని ఎవర్నీ పంపలేదు. పదిమందిలో ఒప్పుకోలేనిది ఒంటరిగా ఒప్పుకున్నాడేమో. ఆయన మీద నా కోపం ఎప్పుడో చల్లారింది. ఆయన నాలుకని ఆయన నమ్మాడు. నాలుక మోసం చేసింది. పసరు విషయంలో మాత్రం ఆయన్ని క్షమించలేను, పిన్ని కూడా క్షమించలేదు. ఆమె పోయేదాకా ఆ ఇంటి గడప తొక్కలేదు.

మడులు పోయాయి. పోర్టు పెరిగింది, పాయ పూడింది. ఆ పిల్లాడికి ఇప్పుడు మనవలున్నారు. ఉప్పు తగ్గించమని డాక్టరు చెబితే వినడు.

నా కోపం ఎవరి మీదో నాకు బాగా తెలుసు. తెలియక తప్పు చేసినవాణ్ని కూచోబెట్టి చెప్పవచ్చు. నా జీవితమంతా అదే చేశాను, సభల్లో, బస్సుల్లో, టీకొట్ల దగ్గర. తెలిశాక కూడా తీర్పు తీర్పే అన్నవాడికి ఏ శాస్త్రం చెప్పగలం? పెద్దయ్య మొహం నాకు ఇంకా కళ్లకి కట్టినట్టుంది. ఆ రోజు భోజనం దగ్గర అమ్మని లోపలికి పొమ్మని, ఆమె రెండడుగులు వేశాక మళ్లీ పిలిచాడు. మనసు మారిందేమోనని అమ్మ ఆత్రంగా తిరిగింది.

ఆయన పళ్లెం ముందుకు జరిపాడు.

"ఇంకో గరిటె పులుసెయ్యమ్మా. ఉప్పు బాగా కుదిరింది."

అమ్మ వేసింది.